ముందు బాబుకి చెప్పు, ఆ తర్వాత లాయర్‌కి

ప్రశ్న: అక్కా, మాది తణుకు దగ్గర పల్లెటూరు. 2011 డిసెంబర్లో మా ఆయన హెచ్-1బి ఉద్యోగ వీసా మీద, నేనూ బాబూ ఆయన కుటుంబంగా హెచ్-4 వీసా మీద న్యూజెర్సీ వచ్చాం. అప్పటికి వాడికి నాలుగేళ్ళు. 2016లో ఆయన ఉద్యోగం పోయింది. ఇంకో కంపెనీ వేసిన పిటిషన్, దాంతోపాటు మా ఎక్స్‌టెన్షన్ డినై అయ్యాయి. రేపు వెళ్దాం, మాపు వెళ్దాం అనుకుంటూ ఉండిపోయాం. పాప ఇక్కడే పుట్టింది, దానికి పదకొండేళ్ళు. బాబుకి మొన్న ఆగస్టు 12న 18 నిండాయి, ఇప్పుడు పన్నెండో తరగతి. వాడికి ఈ సంగతులేవీ తెలీదు. క్లాసులో అందరూ కాలేజీ సాయం కోసం ఫాఫ్సా నింపుతున్నారట, "అమ్మా, నా సోషల్ సెక్యూరిటీ నంబర్ ఏది?" అని రోజూ అడుగుతున్నాడు. ఏదో ఒకటి చెప్పి దాటేస్తున్నాను. గుడిలో పరిచయమైన ఒకాయన అసైలం వేయిస్తాను, ఆరు నెలల్లో వర్క్ పర్మిట్ వస్తుంది, ఆరు వేల డాలర్లు అంటున్నాడు. మా ఆడపడుచు ఎవరైనా సిటిజన్ పిల్లని చూసి పెళ్ళి చేసేయమంటోంది. మా ఆయన మాత్రం కదలొద్దు, ఎవరికీ చెప్పొద్దు అంటారు. ఊళ్ళో మా అమ్మకి ఒంట్లో బాగాలేదు, మనవణ్ణి ఒక్కసారి చూడాలని ఏడుస్తోంది. చిన్నప్పుడు వచ్చిన పిల్లలకి ఏదో చట్టం ఉందంటారు కదా, అది మావాడికి వర్తిస్తుందా? రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు.
ఒక తల్లి, ఎడిసన్

సమాధానం: చెల్లీ, అక్కా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను. నేను లాయర్ని కాను. ఉచితంగా ఇమిగ్రేషన్ సలహా ఇచ్చే క్లినిక్‌లో తెలుగు మాట్లాడేవాళ్ళు వచ్చినప్పుడు పక్కన కూర్చుని అటు మాట ఇటు, ఇటు మాట అటు చెబుతుంటాను. ఏళ్ళ తరబడి ఆ కుర్చీలో కూర్చున్నాను కాబట్టి ఎక్కడ దారి ఉంటుందో, ఎక్కడ గొయ్యి ఉంటుందో కొంత తెలుసు. నేను రాసేది చదివి, దీన్ని పట్టుకుని లాయర్ దగ్గరికి వెళ్ళు. దీన్నే లాయర్ సలహా అనుకోవద్దు.

నీ ఉత్తరంలో ప్రశ్నలు చాలా ఉన్నాయి. వాటన్నిటికన్నా నన్ను ఎక్కువ భయపెట్టినవి రెండు మాటలు. ఒకటి, ఆగస్టు 12. రెండు, వాడికి ఈ సంగతులేవీ తెలీదు. ఎందుకో చెబుతాను. అంతకుముందు నువ్వు విన్న చట్టం సంగతి తేల్చేస్తాను.

దాని పేరు డాకా. నిజానికి అది చట్టం కాదు. చిన్నప్పుడే వచ్చిన పిల్లలకి ఓ దారి చూపించాలని 2001లో డ్రీమ్ యాక్ట్ అనే బిల్లు పెట్టారు. అప్పటినుంచి అది మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉంది. 2010లో ప్రతినిధుల సభలో నెగ్గి సెనేట్‌లో ఆగిపోయింది. చట్టం అయ్యేలా లేదని 2012 జూన్ 15న ఒబామా ప్రభుత్వం డాకా ప్రకటించింది. వీళ్ళని పంపించే పని రెండేళ్ళపాటు పక్కన పెడతాం, ఈలోగా వర్క్ పర్మిట్ ఇస్తాం, రెండేళ్ళకోసారి రెన్యూ చేసుకోండి అన్నారు. అంతే. గ్రీన్‌కార్డ్ కాదు, దానికి మెట్టు కూడా కాదు. అయినా దానివల్ల ఎనిమిది లక్షల మందికి పైగా పిల్లలు చదువుకుని, ఉద్యోగాలు చేసి, తలెత్తుకుని తిరిగారు.

మీవాడికి అది రాదు చెల్లీ. పదహారేళ్ళు నిండకముందే వచ్చి ఉండాలన్న షరతుకి సరిపోతాడు. కానీ 2007 జూన్ 15 నుంచీ ఇక్కడే ఉండి ఉండాలి, వాడు అప్పటికి పుట్టనే లేదు. పైగా 2012 జూన్ 15 నాటికి స్టేటస్, అంటే ఇక్కడ చట్టబద్ధంగా ఉండే అనుమతి, లేనివాళ్ళకే అది వర్తిస్తుంది. ఆ రోజు వాడు నీ ఒళ్ళో హెచ్-4 మీద చక్కగా చట్టబద్ధంగానే ఉన్నాడు. వీసా మీద పద్ధతిగా వచ్చిన మన పిల్లలు చాలామంది ఈ స్టేటస్ షరతు దగ్గరే ఆగిపోయారు. ఆ మాట అనువదించి చెప్పిన ప్రతిసారీ నాకు గొంతు పట్టేస్తుంది. ఇవన్నీ సరిపోయినా, 2021 జూలైలో టెక్సస్‌లోని ఫెడరల్ జడ్జి ఇచ్చిన ఆర్డర్ తర్వాత కొత్త దరఖాస్తులు తీసుకుని పక్కన పెట్టారే తప్ప మంజూరు చెయ్యలేదు. కాబట్టి "మీ అబ్బాయికి డాకా తెప్పిస్తాను" అని ఎవరన్నా డబ్బు అడిగితే, ఆ మనిషితో ఇంకో మాట మాట్లాడకు.

ఇక ఆగస్టు 12 సంగతి.

1996లో వచ్చిన చట్టం ప్రకారం, స్టేటస్ లేకుండా ఇక్కడ గడిపిన రోజుల్ని లెక్కపెడతారు. లాయర్లు దాన్ని అన్‌లాఫుల్ ప్రెజెన్స్ అంటారు. ఆ రోజులు 180 దాటాక దేశం విడిచి వెళ్తే మూడేళ్ళు తిరిగి రానివ్వరు. ఏడాది నిండాక వెళ్తే పదేళ్ళు. మనవాళ్ళు త్రీ ఇయర్ బార్, టెన్ ఇయర్ బార్ అనేది వీటినే. అయితే 18 ఏళ్ళు నిండేదాకా పిల్లల ఖాతాలో ఒక్క రోజు కూడా పడదు. మీ ఇద్దరి ఖాతాలో 2016 నుంచీ పడుతూనే ఉంది. మీవాడిది మాత్రం వాడి పుట్టినరోజు నుంచే మొదలైంది. ఒకే ఇంట్లో ఉంటున్నా వాడి కేసు వేరు, మీ కేసు వేరు. మీ ఆయన "కదలొద్దు" అంటున్నది తన లెక్క చూసుకుని. ఆ లెక్క కొడుక్కి సరిపోదు.

వంటింట్లో తగిలించుకున్న క్యాలెండర్ తీసి రాసుకో. ఫిబ్రవరి మొదటి వారం దాటితే 180 రోజులు దాటినట్టే. సరిగ్గా ఏ తేదీ అన్నది లాయర్ చేత లెక్క కట్టించు, ఒక్క రోజు తేడా వచ్చినా మూడేళ్ళు పోతాయి. జూన్‌లో వాడి గ్రాడ్యుయేషన్ నాటికి వాడు మూడేళ్ళ గీత దాటి ఉంటాడు, పదేళ్ళ గీతకి ఇవతలే ఉంటాడు. వచ్చే ఆగస్టు 12 దాటితే పదేళ్ళే.

నేను పంపించెయ్యమని చెప్పడం లేదు. నాలుగో ఏట వచ్చిన పిల్లాడికి తణుకు అంటే వీడియో కాల్‌లో కనపడే అమ్మమ్మ ఇల్లే కదా. ఆ బార్ కూడా దేశం దాటి వెళ్ళినప్పుడే తగులుతుంది. ఇక్కడే ఉంటే అది అమలులోకి రాదు. కానీ వెళ్తాడా, ఉంటాడా అన్నది ఎవరో ఒకరు కూర్చుని ఆలోచించి తేల్చాల్సిన విషయం. మీరు మాట్లాడకుండా ఉంటే మీ తరఫున క్యాలెండరే తేల్చేస్తుంది.

వెళ్ళడం అంటే ఏమిటో కూడా ఉన్నదున్నట్టు చెబుతాను. ఆ 180 రోజులు దాటకముందే వెళ్తే బార్ ఉండదు. కానీ స్టూడెంట్ వీసా కోసం హైదరాబాద్ కాన్సులేట్‌లో నిలబడినప్పుడు, అమ్మానాన్న అమెరికాలో పేపర్లు లేకుండా ఉన్నారని తెలిసిన ఆఫీసర్ "నువ్వు తిరిగి వెళ్తావని నమ్మకమేంటి?" అని అడుగుతాడు. ఆ ఒక్క కారణంతో తిప్పి పంపొచ్చు. బార్ లేనంత మాత్రాన వీసా ఇచ్చేస్తారని అనుకోవద్దు. హైస్కూల్ సర్టిఫికెట్ చేతికి రాకుండా పన్నెండో తరగతి మధ్యలో వెళ్ళడం ఇంకో కష్టం. ఇక్కడ చాలామందికి తట్టని దారి ఒకటుంది. జూన్‌లో గ్రాడ్యుయేషన్ అయ్యాక, ఆగస్టు 12 లోపు వెళ్ళి, ఇండియాలో నాలుగేళ్ళ డిగ్రీలో చేరితే, ఆ మూడేళ్ళ బార్ చదువుతుండగానే గడిచిపోతుంది. డిగ్రీ చేతికొచ్చేసరికి వాడికి ఇరవై రెండేళ్ళు, మెడ మీద బార్ ఉండదు. మాస్టర్స్‌కి ఇక్కడికో, కెనడాకో, ఇంకెక్కడికో ప్రయత్నించుకోవచ్చు. ఇది అందరికీ నప్పదు. కొందరు పిల్లలకి మాత్రం ఇదే మంచిది. దీన్ని ఎంచుకునే హక్కు వాడికి ఉండాలంటే ముందు ఇలాంటి దారి ఉందని తెలియాలి కదా.

అందుకే రెండో మాట దగ్గరికొస్తున్నాను. వాడికి ఏమీ తెలీదన్నావు.

ఒక శనివారం మా క్లినిక్‌కి తండ్రీకొడుకులు వచ్చారు. అబ్బాయికి పంతొమ్మిదేళ్ళు. లాయరమ్మ అడిగే ప్రతి ప్రశ్నకీ తండ్రే జవాబు చెబుతున్నాడు. కాసేపటికి ఆవిడ ఆయన్ని బయట కూర్చోమంది. "నువ్వు ఎప్పుడైనా ఎక్కడైనా అమెరికన్ సిటిజన్‌నని చెప్పావా?" అని అబ్బాయిని అడిగింది. వాడు కొంచెంసేపు ఆలోచించి, ఒక స్టోర్‌లో ఉద్యోగానికి వెళ్తే ఐ-9 అని ఓ ఫారం ఇచ్చారనీ, అందులో మొదటి గడిలో టిక్ పెట్టాననీ చెప్పాడు. ఆ మొదటి గడి "అమెరికా పౌరుణ్ణి" అని. ఆవిడ పెన్ను కింద పెట్టేసింది. ఎందుకు పెట్టావని అడిగితే వాడు అన్న మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "ఇంట్లో ఎప్పుడడిగినా, నువ్వు ఇక్కడివాడివేరా, నీకేం భయం లేదు అనేవారు ఆంటీ." ఉద్యోగం రాలేదు, పైసా జీతం తీసుకోలేదు. ఆ టిక్ మాత్రం మిగిలింది. సిటిజన్ కాకుండా సిటిజన్‌నని చెప్పుకుంటే గ్రీన్‌కార్డ్‌కి దాదాపు జీవితాంతం అడ్డమే. రేపు నిజంగానే సిటిజన్ అమ్మాయిని ప్రేమించి పెళ్ళి చేసుకున్నా ఆ తలుపు తెరుచుకోవడం చాలా కష్టం. వాళ్ళ నాన్న బయట కుర్చీలో కూర్చుని ఉన్నాడు. లోపలికి పిలిచి ఆ మాట తెలుగులో చెప్పాల్సింది నేనే.

ఆ తండ్రి చెడ్డవాడు కాదు. నీలాగే, పిల్లాడి మనసు కష్టపెట్టకూడదనుకున్నాడు. మీవాడికి 18 నిండాయి. డ్రైవింగ్ లైసెన్స్ కౌంటర్ దగ్గర "ఓటరుగా నమోదు చెయ్యమంటారా?" అని అడుగుతారు. ఉద్యోగం ఇచ్చేవాళ్ళు ఫారం ఇస్తారు. కాలేజీవాళ్ళు ఆన్‌లైన్‌లో గడులు నింపమంటారు. ప్రతిచోటా వాడు ఒక్కడే, పక్కన నువ్వుండవు. నిజం తెలియని పిల్లాడు తప్పు గడిలో టిక్ పెడతాడు. అందుకే వాడికి చెప్పడమే మొదటి లీగల్ హెల్ప్ అంటున్నాను. నువ్వు ఈ వారంలోనే చెప్పు. పాప పడుకున్నాక, మీ ఇద్దరూ కలిసి. అన్నీ ఒక్కసారి చెప్పక్కర్లేదు. మూడు సంగతులు చెప్తే చాలు: నీకు సోషల్ సెక్యూరిటీ నంబర్ లేదు, మన స్టేటస్ పోయింది, ఇందులో నీ తప్పు ఒక్క ఇసుమంత కూడా లేదు. కోప్పడితే పడనీ. రెండ్రోజులు మాట్లాడకపోతే మాట్లాడకపోనీ. "ఎక్కడా ఏ కాగితం మీదా సిటిజన్ అని పెట్టకు, ఓటుకి నమోదు కావద్దు, అనుమానం వస్తే ఖాళీగా వదిలేసి ఇంటికి తీసుకురా" అన్నది మాత్రం ఆ రాత్రే వాడి చెవిన పడాలి.

వాడు స్కూల్‌కి వెళ్ళడం తప్పేమోనని ఇన్నేళ్ళూ నీకు లోపల భయం ఉండి ఉంటుంది. తప్పు కాదు. టెక్సస్‌లో పేపర్లు లేని పిల్లల్ని బడిలో చేర్చుకోకుండా చేస్తే, 1982లో సుప్రీంకోర్టు అది చెల్లదని తీర్పిచ్చింది. వాడు చదివిన ప్రతి తరగతీ హక్కుగా చదివాడు. వాడితో ఈ మాట కూడా చెప్పు.

ఇప్పుడు గుడిలో కలిసిన ఆయన. అసైలం అంటే సొంత దేశంలో మతం వల్లో, జాతి వల్లో, రాజకీయాల వల్లో, అలాంటి కారణంతో ప్రాణభయం ఉన్నవాళ్ళకి ఇచ్చే రక్షణ. ఆరు నెలల వర్క్ పర్మిట్ అనేది ఎక్కడినుంచి వచ్చిందంటే, కేసు వేసి కొంతకాలం పెండింగ్‌లో ఉంటే పర్మిట్ అడగొచ్చన్న నిబంధన నుంచి. ఆయన నీకు ఆ సగమే చెప్పాడు. మిగతా సగం ఇది. కేసు ఒప్పుకోకపోతే, స్టేటస్ లేదు కాబట్టి ఫైలు నేరుగా ఇమిగ్రేషన్ కోర్టుకి వెళ్తుంది. ఇవాళ ప్రభుత్వం దృష్టిలో లేని పిల్లాడి మీద పంపించెయ్యాలనే కేసు మొదలవుతుంది. అల్లిన కథ అని తేలితే ఇక ఏ ఇమిగ్రేషన్ ప్రయోజనమూ దక్కకుండా శాశ్వతంగా బార్ చెయ్యొచ్చు. ఆ కాగితాల కింద సంతకం మీవాడిది, ఆయనది కాదు. 2019లో మిషిగన్‌లో ప్రభుత్వ ఏజెంట్లే నడిపిన ఫార్మింగ్టన్ అనే ఉత్తుత్తి యూనివర్సిటీలో ఎంతమంది మన పిల్లలు ఇరుక్కున్నారో గుర్తుంది కదా. అక్కడ చేర్పించినవాళ్ళు కూడా "ఏం కాదు, నేను చూసుకుంటా" అన్న మనవాళ్ళే. మీ ఊళ్ళో నిజంగా మీ కుటుంబానికి హాని ఉన్న సంగతి ఏదైనా ఉంటే మాత్రం లాయర్‌కి చెప్పు, వెంటనే చెప్పు. అసైలంకి వచ్చిన ఏడాదిలోపు అనే గడువు ఉంది. మైనర్‌గా ఉన్నందుకు వాడికి మినహాయింపు దొరకొచ్చు, 18 దాటాక నాన్చితే అది కూడా చేజారుతుంది.

పెళ్ళి సంగతి. మీ ఆడపడుచు మాటలో సగం నిజం ఉంది కాబట్టే అది ప్రమాదం. వీసా మీద, ఎయిర్‌పోర్ట్‌లో ఆఫీసర్ చూసి ముద్ర వేస్తే లోపలికి వచ్చినవాళ్ళు, తర్వాత స్టేటస్ పోయినా సరే, సిటిజన్‌ని పెళ్ళి చేసుకుంటే దేశం వదలకుండా ఇక్కడే గ్రీన్‌కార్డ్‌కి వేసుకోవచ్చు. సరిహద్దు దాటి వచ్చిన పిల్లలకి సాధారణంగా ఈ వెసులుబాటు ఉండదు. మీవాడికి ఉంది. ఎప్పుడో పాతికేళ్ళ వయసులో వాడికి నచ్చిన అమ్మాయి దొరికి పెళ్ళి చేసుకుంటే అది వాడికి నిజమైన దారి. కానీ కాగితాల కోసం కుదిర్చిన పెళ్ళి ఫెడరల్ నేరం. ఐదేళ్ళదాకా జైలు, రెండున్నర లక్షల డాలర్లదాకా జరిమానా. ఒకసారి అలా తేలాక రేపు నిజం పెళ్ళి చేసుకున్నా ఆ పిటిషన్ ఆమోదించరు. ఉన్న ఒక్క మంచి దారినీ చేజేతులా మూసేసుకోవద్దని ఆవిడకి గట్టిగా చెప్పు.

అందుకే ఒక చిన్న కాగితం గురించి అడుగుతున్నాను. 2011లో మీరు దిగినప్పుడు ఎయిర్‌పోర్ట్‌లో పాస్‌పోర్ట్‌లో స్టేపుల్ చేసి ఇచ్చిన తెల్ల కార్డు, అరచేతిలో సగం ఉంటుంది, ఐ-94 అంటారు. అది ఉందా? అప్పట్లో ఆన్‌లైన్ లేదు, 2013 నుంచే వచ్చింది. బాబు పద్ధతిగా లోపలికి వచ్చాడనడానికి ఆ కార్డూ, పాత పాస్‌పోర్ట్‌లో ముద్రా ఆధారం. పాత సూట్‌కేస్ అడుగున, ప్లాస్టిక్ కవర్లో, టీకాల కార్డు పక్కన ఉంటుంది, చాలా ఇళ్ళల్లో అక్కడే దొరికింది. పోతే కంగారు పడకు, ప్రభుత్వం దగ్గరున్న ఫైలు నకలు ఇమ్మని ఫోయా అనే సమాచార చట్టం కింద అడగొచ్చు. దాంతోపాటు ఎక్స్‌టెన్షన్ల కాగితాలు, 2016 డినయల్ లెటర్, స్కూల్ రికార్డులు, పుట్టిన సర్టిఫికెట్ అన్నీ ఒక ఫైల్లో పెట్టు. వాడి ఇండియన్ పాస్‌పోర్ట్ కూడా చూడు. పిల్లల పాస్‌పోర్ట్ ఐదేళ్ళకే అయిపోతుంది. ఎప్పటిదో ఒకటి డ్రాయర్‌లో ఉండి ఉంటుంది. వెళ్ళినా ఉన్నా అది రెన్యూ అయి ఉండాలి.

లాయర్ ఎక్కడ దొరుకుతారన్నదానికి నువ్వు దూరం వెళ్ళక్కర్లేదు. లీగల్ సర్వీసెస్ ఆఫ్ న్యూజెర్సీ ఆఫీసు మీ ఎడిసన్‌లోనే ఉంది. నెవార్క్‌లో అమెరికన్ ఫ్రెండ్స్ సర్వీస్ కమిటీ వాళ్ళు వలసదారుల కేసులు చూస్తారు. రట్జర్స్ లా స్కూల్‌లో ప్రొఫెసర్ల పర్యవేక్షణలో విద్యార్థులు నడిపే ఇమిగ్రేషన్ క్లినిక్‌లు ఉన్నాయి. ఉచితంగా సాయం చేసే సంస్థల జాబితా రాష్ట్రాలవారీగా జస్టిస్ డిపార్ట్‌మెంట్ వెబ్‌సైట్‌లో పెడుతుంది. ఆ డిపార్ట్‌మెంట్ గుర్తింపు ఇచ్చిన ప్రతినిధులు కూడా ఉంటారు, వాళ్ళు లాయర్లు కాకపోయినా ఈ పని చట్టబద్ధంగా చెయ్యగలరు. ఇవి తప్ప కన్సల్టెన్సీ, నోటరీ, ట్యాక్స్ ఆఫీస్, "మా బావమరిదికి తెలుసు" ఏవీ వద్దు. డబ్బిచ్చి ప్రైవేట్ లాయర్ని పెట్టుకుంటే లైసెన్స్ ఏ రాష్ట్రానిదో అడిగి, ఆ రాష్ట్రంలో లాయర్ల జాబితా పెట్టే వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూడు. ఇది ఫెడరల్ చట్టం కాబట్టి ఏ రాష్ట్రం లైసెన్స్ అయినా చెల్లుతుంది, అసలు లైసెన్స్ అంటూ ఉండాలి. ఖాళీ ఫారం మీద సంతకం పెట్టమంటే లేచి వచ్చెయ్యి. ఉచిత క్లినిక్‌లలో అపాయింట్‌మెంట్‌కి వారాలు పట్టొచ్చు, అందుకే రేపే ఫోన్ చెయ్యమంటున్నాను. ఫోన్‌లో మొదటి మాటే "మా అబ్బాయికి 18 నిండాయి, 180 రోజుల లెక్క నడుస్తోంది" అని చెప్పు. ఆ ఒక్క మాటకి వాళ్ళు మీ ఫైలు ముందుకి జరపొచ్చు.

బాబుని తప్పకుండా తీసుకెళ్ళు, కానీ వాణ్ణి మీ దుభాషిగా వాడొద్దు. తల్లిదండ్రుల కేసు నోట్లో పెట్టుకుని మాట్లాడాల్సిన బరువు పిల్లాడి మీద పెట్టకూడదు. తెలుగు మనిషి కావాలని ముందే అడుగు, ఫోన్ మీద అయినా ఏర్పాటు చేస్తారు. వాడితో లాయర్ కాసేపు ఒంటరిగా మాట్లాడతానంటే బయటికి రా. మీకు తెలియని సంగతులు వాడి దగ్గర ఉండొచ్చు. ఎప్పుడైనా ఎవరైనా కొట్టారా, బెదిరించారా, జీతం ఎగ్గొట్టి పని చేయించుకున్నారా అని అడుగుతారు. నేరానికి గురై పోలీసులకి సహకరించినవాళ్ళకి యు వీసా అని ఒకటుంది, ఏటా 10,000 మందికే ఇస్తారు, క్యూ చాలా పొడుగు. అయినా అడగడం వాళ్ళ పని, దాచకుండా చెప్పడం మీ పని. అక్కడ చెప్పింది గడప దాటదు.

కాలేజీ గురించి బెంగ పెట్టుకోకు. ఫాఫ్సా ఫెడరల్ డబ్బుది, అది వాడికి రాదు, నింపొద్దని చెప్పు. కానీ న్యూజెర్సీలో మూడేళ్ళు హైస్కూల్ చదివి ఇక్కడే పాసైన పిల్లలకి, స్టేటస్ లేకపోయినా ప్రభుత్వ కాలేజీల్లో ఇన్-స్టేట్ ఫీజే తీసుకోవాలని 2013లో చట్టం వచ్చింది. వీలు దొరికినప్పుడు స్టేటస్‌కి దరఖాస్తు చేసుకుంటానని ఒక అఫిడవిట్ ఇస్తే చాలు. 2018 నుంచి రాష్ట్రం ఇచ్చే ఆర్థిక సాయానికి కూడా అర్హులే, దానికి న్యూజెర్సీ ఆల్టర్నేటివ్ ఫైనాన్షియల్ ఎయిడ్ అప్లికేషన్ అని వేరే ఫారం ఉంది. మీ ఎడిసన్‌లోనే మిడిల్‌సెక్స్ కాలేజీ ఉంది, రెండేళ్ళు అక్కడ చదివి రట్జర్స్‌కి మారిన పిల్లలు ఎందరో. చదువుకోగలడు. చదివాక చట్టబద్ధంగా ఉద్యోగం చేయలేడు, అదే అసలు బాధ. వెళ్ళాలా ఉండాలా అని లెక్కేసేటప్పుడు వాడి ముందు ఆ మాట కూడా పెట్టాలి. టెక్సస్‌లో ఉన్న చుట్టాలు ఏదైనా చెబితే దాన్ని ఇక్కడికి అన్వయించుకోకు. ఆ రాష్ట్రం 2001లో ఇచ్చిన ఇలాంటి సౌకర్యాన్నే 2025 జూన్‌లో కోర్టు ద్వారా ఆపేశారు. ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం వేరు.

మగపిల్లలకి ఇంకో చిన్న పని ఉంది, చాలామందికి తెలీదు. 18 నిండిన మగవాళ్ళు, పేపర్లు లేనివాళ్ళతో సహా, సెలెక్టివ్ సర్వీస్‌లో, అంటే అవసరమైతే సైన్యంలోకి పిలవడానికి ప్రభుత్వం పెట్టుకునే జాబితాలో, పేరు నమోదు చేసుకోవాలి. అలా చేసుకోకపోతే ఎప్పుడో సిటిజన్‌షిప్ అడిగినప్పుడు ఇబ్బంది పెడతారు. లాయర్‌ని అడిగి ఎలా చెయ్యాలో తెలుసుకోండి.

ఇమిగ్రేషన్ ఆఫీసర్లు వచ్చి తలుపు కొడతారేమోనన్న భయం నీకుందని ఉత్తరంలో రాయకపోయినా తెలుసు. జడ్జి సంతకం ఉన్న వారెంట్ చూపిస్తే తప్ప తలుపు తీయక్కర్లేదు. కాగితం తలుపు కిందనుంచి తొయ్యమనండి, లేదా కిటికీకి ఆనించి చూపించమనండి. ఇమిగ్రేషన్ ఆఫీసర్లు తామే సంతకం పెట్టుకున్న వారెంట్‌తో వస్తే వాళ్ళని ఇంట్లోకి రమ్మనక్కర్లేదు. మాట్లాడకుండా ఉండే హక్కు ఉంది, అబద్ధం చెప్పే హక్కు లేదు. లాయర్ ఫోన్ నంబర్ మీ నలుగురికీ నోటికి రావాలి, పాపతో సహా. కోర్టు కాగితం ఏదైనా వస్తే ఆ తేదీకి వెళ్ళి తీరాలి. వెళ్ళకపోతే మీరు లేకుండానే పంపించెయ్యమని ఆర్డర్ ఇచ్చేస్తారు. ఇమిగ్రేషన్ కోర్టులో ప్రభుత్వం ఉచితంగా లాయర్ని ఇవ్వదు, అందుకే ఆ రోజు రాకముందే మనిషిని చూసి పెట్టుకోవాలి.

మీ ఇద్దరి సంగతి ఒక్క ముక్క. పాపకి 21 నిండాక తను మీకు పిటిషన్ వేయగలదు. మీరు కూడా వీసా మీదే వచ్చారు కాబట్టి అప్పటి చట్టం ఇలాగే ఉంటే ఇక్కడే వేసుకునే వీలుంటుంది. అది ఇంకా పదేళ్ళ మాట. అన్నకి చెల్లెలు వేయడం మాత్రం వేరే క్యూ, మన దేశం వాళ్ళకి అది పద్దెనిమిది ఇరవై ఏళ్ళు పడుతోంది, స్టేటస్ లేనివాళ్ళు ఇక్కడే ఉండి దాన్ని వాడుకోలేరు కూడా. "చెల్లి పెద్దదయ్యాక చూసుకుంటుందిలే" అని వాడి విషయంలో అనుకోకండి.

చివరగా మీ అమ్మ. డాకా ఉన్న పిల్లలు ముందే అనుమతి తీసుకుని ముసలివాళ్ళని చూసి తిరిగి రాగలిగారు. మీవాడికి అది లేదు కాబట్టి వాడు వెళ్తే, నెల రోజుల్లో తిరిగొస్తానని వెళ్ళే ప్రయాణం కాదు. వెళ్ళడమంటే అక్కడే ఉండటానికి వెళ్ళడం. కాబట్టి అమ్మమ్మ కోసమని టికెట్ కొనొద్దు, లాయర్‌తో మాట్లాడేదాకా ఎవరు ఎంత ఏడ్చినా కొనొద్దు. ఈలోగా వాడికి సంగతి తెలిశాక ఒక ఆదివారం పొద్దున వాడి చేతికే ఫోన్ ఇచ్చి, ఇన్నాళ్ళూ తను ఎందుకు రాలేదో అమ్మమ్మకి వాడినే చెప్పనీ. ఆవిడ కూడా ఇన్నేళ్ళుగా "ఈ వేసవికి వస్తారు" అనే మాట మీదే కూర్చుని ఉండి ఉంటుంది.